అక్టోబరు కాగితం

2022 జనవరి 13. మర్నాడే భోగి. హైదరాబాదు నుంచి తెనాలి వెళ్ళే బస్సులో ఫోను చూసుకుంటుంటే, యెజ్డీ మోటారుసైకిళ్ళు మళ్ళీ మార్కెట్లోకి వచ్చాయన్న వార్త కనిపించింది. మూడు కొత్త మోడళ్ళు. ఫొటోలు చూస్తున్నానన్న మాటే గానీ, నా మనసు అప్పటికే మా ఊరి గొడ్లసావిట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ చొప్పకట్టలు పేర్చే మూలన, గోనెపట్టాల కింద, నాన్న యెజ్డీ పంతొమ్మిదేళ్ళుగా నిలబడి ఉంది.

నాకున్నది నాలుగు రోజుల సెలవు. కార్బొరేటర్ కడిగి, కొత్త ప్లగ్గు వేసి, ఒక్కసారి స్టార్ట్ చేసి ఆ శబ్దం వినాలి. అంతకు మించి ఏమీ అనుకోలేదు. ఖర్చు రెండు వేలు దాటదని లెక్క వేసుకున్నాను. ఆ బండి మళ్ళీ రోడ్డెక్కింది 2023 నవంబరులో.

నాన్న పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. చుట్టుపక్కల ఊళ్ళకి మాత్రం డాక్టరుగారే. ఆ బండిని 1984లో గుంటూరులో కొన్నాడు. సగం డబ్బు ఆఫీసు లోను, మిగతా సగం మా రెండో పాడిగేదెను అమ్మితే వచ్చింది. మెరూన్ రంగు, ట్యాంకు మీద బంగారు గీత. కొల్లిపర, దుగ్గిరాల, కొల్లూరు వైపు కాలవ గట్ల మీదా, పుంతల్లోనూ తిరిగేవాడు. కృష్ణ ఒడ్డున లంక ఊళ్ళకి వెళ్ళాల్సి వస్తే బండిని బల్లకట్టు ఎక్కించేవాడు. అర్ధరాత్రి ఎవరో వచ్చి వాకిట్లో నిలబడి "డాక్టరుగారూ, దూడ అడ్డం తిరిగిందండీ" అంటే చాలు, ఐదు నిమిషాల్లో బండి బయటికి వచ్చేసేది. రెండు సైలెన్సర్ల శబ్దం ఊరి పొలిమేర దాటేదాకా నేను పక్కలో మేలుకుని వింటూ ఉండేవాణ్ణి. ఆ శబ్దం దూరం నుంచే విని, అవతలి ఊళ్ళో రైతు లాంతరు వెలిగించుకుని దారిలోకి ఎదురొచ్చేవాడట.

యెజ్డీకి గొలుసు మొత్తం రేకు డబ్బాలో మూసేసి ఉంటుంది. మా రేగడి బురదలో అది పెద్ద వరం. ఇంకో సంగతి ఆ బండి నడిపిన వాళ్ళందరికీ తెలుసు. గేరు రాడ్డూ కిక్ రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్ రాడ్డు, స్టార్ట్ అయ్యాక ముందుకు తోసేస్తే గేరు రాడ్డు. గేరు మార్చేటప్పుడు క్లచ్ పట్టుకోకపోయినా ఆ రాడ్డే లోపల క్లచ్‌ని వదిలిస్తుంది. వెనక సీటు మీద ద్రవ నైట్రోజన్ క్యాను కట్టుకుని, ఒక చేత్తో దాన్ని వెనక్కి పట్టుకుని, నాన్న ఒంటిచేత్తో నడపడం నేను చూశాను. ఎదకొచ్చిన గేదెలకి కట్టించే ముర్రా జాతి వీర్యం అందులో మైనస్ 196 డిగ్రీల చలిలో ఉండేది. క్యాను పక్కకి ఒరిగితే రైతు ఏడాది ఆశ పోతుందని చెప్పేవాడు.

పెట్రోల్లో ఆయిలు కలపడం మాత్రం నా పని. టూ స్ట్రోక్ ఇంజను కాబట్టి లీటరుకి 40 మిల్లీలీటర్లు. దానికి కొలత పాత్ర అంటూ ఏమీ లేదు. గొడ్లకి వాడే 50 మిల్లీలీటర్ల పెద్ద గాజు సిరంజి ఒకటి పాతబడిపోతే, సూది తీసేసి దాన్ని ఆయిలుకి పెట్టుకున్నాడు. ఐదు లీటర్లకి నాలుగుసార్లు లాగాలి. నేను పిస్టన్ లాగుతుంటే నాన్న "గీత దాకా... చాలు" అనేవాడు. ఆరేడేళ్ళ వయసులో నాకు లెక్కలు వచ్చింది ఆ సిరంజి మీదే.

భోగిమంట చల్లారాక బండిని ఎండలోకి లాగాం. టైర్లు నేలకి అతుక్కుపోయి ఉన్నాయి. కిక్ రాడ్డు వెనక్కి తిప్పి కాలు వేశాను. కదల్లేదు. ఒళ్ళంతా బరువు వేసి నిలబడ్డాను. అయినా కదల్లేదు. పిస్టన్ రింగులు, అది ఆడే బోరు గోడకి తుప్పుతో పట్టేశాయి.

తెనాలిలో నాన్న బండి చూసిన మేస్త్రి ఇంకా ఉన్నాడు. డెబ్భై దాటాయి. షెడ్డు ఇప్పుడు వాళ్ళబ్బాయి నడుపుతున్నాడు. ఆయన పొద్దున పూట వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. చిన్నప్పటి నుంచీ నేను ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను. సంగతి చెబితే, "ప్లగ్గు తీసి లోపల డీజిలు పొయ్యి. మూడు రోజులు దాని జోలికి వెళ్ళకు. కొట్టకు, గుంజకు" అన్నాడు. మూడో రోజు కనుమ. సాయంత్రం మెల్లగా తొక్కితే పిస్టన్ వేలెడంత కిందికి దిగింది. ఆ చిన్న కదలికకే నా గుండె ఎంత కొట్టుకుందో చెప్పలేను. మర్నాడు సెలవు అయిపోయింది.

ఆ తర్వాత నెలకోసారి శనివారం రాత్రి బయల్దేరి రావడం, ఆదివారం రాత్రి తిరుగు బస్సెక్కడం అలవాటైంది. వచ్చిన ప్రతిసారీ ఒక పని పూర్తి చేయాలని వచ్చేవాణ్ణి. వెళ్ళేటప్పుడు మూడు కొత్త పనులు పుట్టి ఉండేవి.

ట్యాంకు సంగతే చూడండి. అడుగున మిగిలిన పెట్రోలు వార్నిష్‌లా చిక్కబడి, దాని కింద తుప్పు పొరలు పొరలుగా పేరుకుంది. యాసిడ్ పోస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. ఇత్తడి బిందెలు తోమినట్టే చింతపండు పులుసుతో కడగమంది. కిలో చింతపండు నానబెట్టి వడగట్టి, ట్యాంకు నిండా పోసి మూడు రోజులు ఉంచాం. తర్వాత గుప్పెడు చిన్న బోల్టులు వేసి నేనూ మా పక్కింటి కుర్రాడూ అటూ ఇటూ పట్టుకుని గంటసేపు ఊపాం. ఎర్రటి నీళ్ళు పోయి, లోపల తెల్లటి రేకు కనిపించింది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. నీళ్ళు నింపి చూస్తే అడుగున ఏడెనిమిది చోట్ల చెమట పట్టినట్టు బొట్లు. అన్నాళ్ళూ ఆ చిల్లుల్ని మూసి ఉంచింది తుప్పే. చిల్లులు పూడ్చాలంటే గ్యాస్ వెల్డింగ్ పెట్టాలి. లోపల పెట్రోలు ఆవిరి ఏ మూలన మిగిలినా పేలుతుంది కాబట్టి, ట్యాంకుని నీళ్ళతో నింపి, అతికే చోటు మాత్రం పైకి ఉండేలా తిప్పి ఇత్తడితో అతికారు. మంట తగిలి రంగు కాలిపోయింది. ఇక రంగు వేయించక తప్పదు. ట్యాంకుకి కొత్త రంగు పడితే టూల్‌బాక్సులూ మడ్‌గార్డులూ వెలవెలబోతాయి. కార్బొరేటర్ కడుగుదామని వచ్చినవాణ్ణి పూర్తి పెయింటింగ్ దగ్గర తేలాను.

ఇంజను కథ ఇంకా పెద్దది. హెడ్డు విప్పితే, పిస్టన్ ఆగిపోయిన చోట బోరు చుట్టూ తుప్పు గాడి పడి ఉంది. రింగులు మార్చి సరిపెట్టుకునే పని కాదు. విజయవాడ ఆటోనగర్‌లో బోరింగ్ చేయించాలి. పిస్టన్ తల మీద 0.50 అని గుద్ది ఉంది. అంటే నాన్న కాలంలోనే బోరు అర మిల్లీమీటరు పెరిగింది, ఇప్పుడు 0.75 పిస్టన్ వెతుక్కోవాలి. సరే, బోరుతో అయిపోతుంది కదా అంటే, బాబాయ్ పిస్టన్ కింద ఉండే కనెక్టింగ్ రాడ్డుని రెండు వేళ్ళతో పట్టుకుని పైకీ కిందికీ ఆడించాడు. పక్కలకి కొంచెం ఆడితే ఫర్వాలేదట. పైకీ కిందికీ ఆడకూడదు. చెవి దగ్గర పెట్టి వినమన్నాడు. టిక్, టిక్ మని చిన్న చప్పుడు. "కొత్త పిస్టన్ కంప్రెషన్ అంతా పట్టుకుని కొడుతుంది. ఆ దెబ్బకి ఈ పాత రాడ్డు ఆర్నెల్లు ఆగదబ్బాయ్" అన్నాడు.

రాడ్డు మార్చాలంటే, అది తిప్పే ఇరుసు, అంటే క్రాంకు బయటికి రావాలి. క్రాంకు రావాలంటే ఇంజను కేసు రెండుగా చీల్చాలి. యెజ్డీలో గేరుబాక్సు కూడా ఆ కేసులోనే ఉంటుంది కాబట్టి గేర్లూ బయటికి వచ్చాయి. అవి వచ్చాక బేరింగులు చూడకుండా మూసేస్తామా? ఇక ఆయిల్ సీళ్ళు. టూ స్ట్రోక్ ఇంజనులో పెట్రోలూ గాలీ కలిసి ముందు క్రాంకు గదిలోకి వెళ్ళి, అక్కణ్ణుంచి పైకి వెళ్తాయి. అందుకని ఆ గది గాలి చొరకుండా ఉండాలి. సీలు గట్టిపడి కాస్త సందిస్తే బయటి గాలి లోపలికి చేరి, పెట్రోలు పాళ్ళు తగ్గి, ఇంజను వేడెక్కి, అంత ఖర్చు పెట్టిన కొత్త పిస్టన్ మళ్ళీ పట్టేస్తుంది. రెండు చిన్న రబ్బరు చక్రాలే. కానీ వాటిని మార్చకుండా మిగతా ఏ పనికీ అర్థం లేదు.

బాబాయ్ బేరింగులు ఊడదీసిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. సుత్తి ముట్టుకోలేదు. కేసుని బ్లోలాంపుతో నెమ్మదిగా వేడి చేస్తూ, మధ్యమధ్య తడి వేలితో నీటి చుక్క విదిలించాడు. మొదట్లో చుక్క నిలబడింది. తర్వాత చుయ్ మంది. అప్పుడు కేసుని చెక్క మీద బోర్లించి ఒక్కసారి తట్టాడు. బేరింగు దానంతట అదే జారి పడింది. అల్యూమినియం ఉక్కు కన్నా ఎక్కువ సాగుతుంది, ఆ సందులోంచి అది వదిలేస్తుంది. చేతులు వణుకుతున్న మనిషి అంత మెత్తగా పని చేయడం చూసి, ఈ ఇంజను ఇంకెవరి చేతుల్లోనూ పెట్టకూడదని అప్పుడే అనుకున్నాను.

క్లచ్ కవరు విప్పిన రోజు 2022 జూన్‌లో ఒక ఆదివారం. కవరుకీ కేసుకీ మధ్య ఆయిలు కారకుండా కాగితం గాస్కెట్ ఉంటుంది. బాబాయ్ బ్లేడుతో దాని అంచు లేపుతూ ఆగి, "ఇదిగో చూడు, మీ నాన్న పని" అన్నాడు. ఆయిలు పీల్చి గోధుమ రంగుకి తిరిగిన కాగితం మీద తెలుగు అక్షరాలు. వర్జ్యం. ఏకాదశి. ఒక వంపు దగ్గర "శ్రీ శుక్ల నామ సం" అన్నంత వరకు ఉండి, తర్వాత కత్తిరించేశారు. గోడ కేలండర్ కాగితం. శుక్ల అంటే 1989. ఎక్కడో గాస్కెట్ దొరక్క, కాగితాన్ని కవరు అంచు మీద పరిచి, చిన్న సుత్తితో చుట్టూ తట్టి కోసి ఉంటాడు.

దాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి ఇంటికి తెచ్చి అమ్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "అక్టోబరు కాగితం ఇది. దసరాల్లో గోడ మీద చూస్తే లేదు. ఏకాదశి ఎప్పుడో తెలియక పక్కింటికెళ్ళి అడిగొచ్చాను. ఏం చేశారండీ అంటే, గాలికి ఎగిరిపోయిందేమో అన్నారు మీ నాన్న" అంది. ముప్పై మూడేళ్ళకి ఆ కాగితం ఇంటికి వచ్చింది.

ఆ తర్వాత నేను ప్రతి నట్టూ వేరే కళ్ళతో చూశాను. పెట్రోలు పైపు అనుకున్నది సెలైన్ ట్యూబు. వెనక లైటు వైరు అతుకు మీద ప్లాస్టరు చుట్టి ఉంది, టేపు కాదు. సీటు రెక్సిన్ ఒకచోట జానెడు చిరిగితే, గేదెల పొట్ట కుట్టే సిల్కు దారంతో కుట్టాడు. అదీ బట్టలు కుట్టినట్టు వరసగా కాదు. ఒక్కో కుట్టుకీ విడివిడిగా ముడి. ఒకటి తెగినా మిగతావి నిలబడేలా. ఆయన చేసిందంతా తెల్లారి ఐదింటికి బండి బయల్దేరాలనే. మనకిలా నెలలు ఆగే వీలు ఆయనకి ఎప్పుడూ లేదు.

వస్తువుల వేట గురించి కొంచెం చెప్పాలి. యెజ్డీలు మైసూరులో తయారయ్యేవి. చెకొస్లొవేకియా జావా బండి నమూనాతో ఐడియల్ జావా కంపెనీ 1960ల మొదట్లో అక్కడ మొదలైంది, 1996లో మూతపడింది. కొత్తగా వచ్చినవి ఫోర్ స్ట్రోక్ బండ్లు. పేరు అదే గానీ వాటి సామాను వీటికి పట్టదు. కాబట్టి పాత స్టాకు వెతకాలి, లేదా ఇప్పుడు చేస్తున్న నకళ్ళు కొనాలి. పిస్టన్ ఆటోనగర్‌లో ఒక పాత షాపు అటక మీద దొరికింది, గ్రీజు కాగితంలో చుట్టి ఉన్న అసలు సరుకు. రాడ్డు కిట్టు బెంగుళూరు నుంచి కొరియర్‌లో తెప్పించాను. మొదట వచ్చినది నకలు. పిన్ను కొలత తేడా. వెనక్కి పంపి రెండోది తెప్పించడానికి ఏడు వారాలు పట్టింది. క్రాంకుని ప్రెస్సు మీద విప్పి, కొత్త రాడ్డు వేసి, మళ్ళీ నొక్కి, వంకర చూపించే డయల్ గేజ్ ముల్లు కదలకుండా నిలబడేదాకా లేతు మేస్త్రి రాగి సుత్తితో తడుతూనే ఉన్నాడు. ఆ ఒక్క పనికి పూట పట్టింది. ఆయన అడిగిన దానికన్నా రెండొందలు ఎక్కువ ఇచ్చాను.

వైరింగ్ ఎలుకలు కొరికేశాయి, మొత్తం కొత్తది అల్లించాం. బాబాయ్ కొడుకు పన్నెండు వోల్టులకి మార్చేద్దామన్నాడు. బ్యాటరీ, బల్బులు సులువుగా దొరుకుతాయి, లైటు బాగా వస్తుంది. ఆ అబ్బాయి మాట నిజమే. కానీ నేను ఆరు వోల్టులతోనే ఉంచాను. పెద్దగా వెలగని ఆ పసుప్పచ్చ లైటులోనే నాన్న అన్ని రాత్రులూ తిరిగాడు.

రంగు దగ్గర బాబాయ్ నన్ను గట్టిగా అడిగాడు. "అబ్బాయ్, ఈ బండి ఎక్కడానికా, హాల్లో పెట్టుకోడానికా? క్రోమింగ్ చేయిద్దాం, పౌడర్ కోటింగ్ చేయిద్దాం అని మావాడు నీ చెవిలో ఊదుతున్నాడు. ఎక్కడ ఆపాలో నువ్వు చెప్పు. నన్నడిగితే నాకు ఆపడం రాదు." ఆ రాత్రి బస్సులో నిద్ర పట్టలేదు. ఖర్చు రాసుకునే నోటుబుక్కు తీసి చూస్తే అరవై నాలుగు వేలు దాటింది. ప్రతి పనికీ కారణం ఉంది. ఏ ఒక్కటీ వృథా ఖర్చు కాదు. కానీ ఇలాగే అన్నీ కొత్తవి చేసుకుంటూ పోతే, చివరికి నాన్న చెయ్యి తగిలిన వస్తువు ఆ బండిలో ఒక్కటైనా మిగులుతుందా అని భయం వేసింది.

అప్పుడు తేల్చుకున్నాను. నడవడానికీ, ఆగడానికీ కావలసినవన్నీ కొత్తవి పడాలి. చూపుకి మాత్రమే సంబంధించినవి ముట్టుకోకూడదు. ట్యాంకు, టూల్‌బాక్సులు, మడ్‌గార్డులకి రంగు తప్పదు కాబట్టి టూల్‌బాక్సు మూత లోపలివైపు, ఎండ తగలని చోట మిగిలిన అసలు మెరూన్ చూపించి అదే కలిపించాను. బంగారు గీతని బోర్డులు రాసే ఒక పెద్దాయన సన్నటి కుంచెతో, ఊపిరి బిగబట్టి, చెయ్యి ఎత్తకుండా ఒక్క లాగులో గీశాడు. హ్యాండిల్ మీద పొడలు పొడలుగా పోయిన క్రోమ్ అలాగే ఉంది. సీటు లోపలి స్పాంజి ఎలుకలు తినేస్తే కొత్తది వేయించాను గానీ, పైన అదే రెక్సిన్ తొడిగించాను. సీటు పని చేసే ఆయన "కొత్త కవరు తొమ్మిది వందలేనండీ" అని మూడుసార్లు చెప్పాడు. ఆ కుట్లు చూపించి సంగతి చెప్పాక ఇక మాట్లాడలేదు. మేకులు కొట్టేటప్పుడు కుట్ల మీద ఒత్తిడి పడకుండా రెక్సిన్‌ని ఎండలో పెట్టి మెత్తబరిచాడు.

కాగితాల పని, అంటే నాన్న పేరు మీద నుంచి నా పేరుకి మార్పించడం, ఆర్.సి. రెన్యువల్, ఇంకో నాలుగు నెలలు తినేసింది. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తుంటే ఒక్కో అంకె పైకి తేలడం మాత్రం బాగా గుర్తుండిపోయింది.

2023 నవంబరు, ఆదివారం పొద్దున. బాబాయ్‌ని ఆటోలో మా ఇంటికే తీసుకొచ్చాను. నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల సందు 0.4 మిల్లీమీటర్లకి ఫీలర్ గేజ్‌తో సరిచేశాడు. టైమింగ్ మాత్రం తన పద్ధతిలోనే పెట్టాడు. సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాగితం ముక్క పాయింట్ల మధ్య ఇరికించి, మెల్లగా లాగుతూ, నన్ను ఇంజను కొద్దికొద్దిగా తిప్పమన్నాడు. కాగితం వదులైన క్షణంలో "ఆపు" అన్నాడు. పాయింట్లు విడిపడేదీ, నిప్పురవ్వ పుట్టేదీ అక్కడే.

సిరంజి వెతకడానికి అమ్మ నన్ను పంపలేదు. తనే లోపలికి వెళ్ళి, నాన్న ట్రంకుపెట్టెలోంచి తువ్వాలులో చుట్టి ఉన్నది తెచ్చింది. ఐదు లీటర్ల పెట్రోలు, నాలుగుసార్లు ఆయిలు. గీత దాకా వచ్చిన ప్రతిసారీ నా చెయ్యి అలవాటుగా ఆగింది, ఎవరో చెప్పినట్టు.

ఏడో కిక్కుకి అందుకుంది. ముందు ఒక దగ్గు, రెండు సైలెన్సర్లలోంచి తెల్లటి పొగ, ఆ తర్వాత ఆ శబ్దం. బాబాయ్ చెవి ఒగ్గి, కార్బొరేటర్ స్క్రూ పావు చుట్టు తిప్పి, "ఇంకేం మాట్లాడకండి, ఐదు నిమిషాలు విననివ్వండి" అన్నాడు. అమ్మ వాకిలి గడప మీద కూర్చుండిపోయింది. ముగ్గురం అలాగే ఉన్నాం. పక్కవీధి నుంచి ఒక ముసలాయన కర్ర పట్టుకుని వచ్చి గేటు దగ్గర నిలబడి, "డాక్టరుగారి బండి కదూ" అన్నాడు.

మొదటి ఐదు వందల కిలోమీటర్లు నలభై దాటకూడదని బాబాయ్ షరతు. దుగ్గిరాల దాకా, కొల్లిపర దాకా, కాలవ గట్టు మీద నెమ్మదిగా తిరిగాను. డిసెంబరు మొదటి ఆదివారం పొద్దున చూస్తే స్టాండు పక్కన నేల మీద రూపాయి బిళ్ళంత ఆయిలు మరక. క్లచ్ కవరు కింది అంచు నుంచి కారుతోంది. షీటు కోసి వేసిన కొత్త గాస్కెట్ నేను స్క్రూలు బిగించేటప్పుడు ఒకచోట జరిగినట్టుంది. మళ్ళీ విప్పాలి. ఆ రాత్రికే నాకు బస్సు. ఆదివారం కాబట్టి షీటు అమ్మే షాపు మూసేసి ఉంటుంది.

బాబాయ్‌కి ఫోను చేశాను. "షీటెందుకు? మీ నాన్న పెట్టింది ముప్పై మూడేళ్ళు చుక్క కారలేదు. దళసరి కాగితం చూసుకో. సుత్తితో అంచు వెంట తట్టు, అదే తెగుతుంది. వేసే ముందు ఆయిల్లో నానబెట్టు" అన్నాడు.

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి అమ్మ అప్పటికే కుర్చీ మీదికి చెయ్యి చాపి, మేకు నుంచి కేలండర్ దించుతోంది. డిసెంబరులో ఏకాదశులు ఎప్పుడెప్పుడో ఒకసారి చూసుకుని, నవంబరు కాగితం చింపి నా చేతిలో పెట్టింది.